ఏడో రకం

మాంసం కోత షెడ్డు,
ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది.
వేసవి మొదలు.

మరదలు పిల్లకి,

భోజనం అయ్యాకే ఈ ఉత్తరం చదువు. ఇంకా తినకపోతే పక్కన పెట్టి, తిని రా. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నా చేతులు చూస్తే నాకే డోకు వస్తోంది. కుడిచేతి వేళ్ళ మీద, గోళ్ళ చుట్టూ, అరచేతి అంచున, ఎక్కడ పడితే అక్కడ పులిపిర్లు. మొదట చూపుడువేలి కణుపు మీద ఒక్కటే లేచింది. కత్తి పట్టుకుంటే ఒరుసుకుంటోందని గోటితో గిల్లాను. గిల్లిన పాపానికి అది పిల్లల్ని పెట్టింది. ఇప్పుడు గుత్తులు గుత్తులుగా, కాలీఫ్లవర్ పువ్వు ముక్కల్లా ఉన్నాయి. షెడ్డులో తడికి నానితే తెల్లగా ఉబ్బుతాయి. సందుల్లో కొవ్వు ఇరుక్కుంటుంది, దాన్ని పిన్నీసుతో గీకి తీయాలి. ఆ కంపు ఎంత కడిగినా పోదు. పేగుల తొట్టి పక్కన నిలబడి టీ తాగే మనిషిని నేను, నీకు తెలుసుగా. అలాంటి నేనే నా చెయ్యి నోటి దాకా తెచ్చుకోలేకపోతున్నాను. చెంచాతో తింటున్నాను.

ఇది నాకొక్కదానికే కాదు. ఎముకలు కొట్టే ఆవిడకీ ఉన్నాయి, తోళ్ళ దగ్గర ఉండే ముసలాయనకీ ఉన్నాయి. మా మేస్త్రీ చూసి, "కోతపనిలో ఇవి మామూలే, జీతంతో పాటు వస్తాయి" అని పళ్ళికిలించాడు. ఆయన చేతులు మాత్రం జేబులోంచి బయటికి రావు.

ఇక ఇంటి సంగతి. అత్తయ్య నా పళ్ళెం, గ్లాసు విడిగా బోర్లిస్తున్నారు. నేను తరిగిన కూరగాయల్ని నా ఎదురుగానే రెండోసారి కడుగుతారు. నేను ముట్టుకున్న తలుపు గడియని గుడ్డతో పట్టుకుని తీస్తారు. మీ అన్నయ్య సంగతి సరేసరి. సబ్బు వేరు, తువ్వాలు వేరు, చలికాలం నుంచి పడక కూడా వేరు. అప్పటికి నాకు ఉన్నది ఒక్క పులిపిరే. దానికే అంత అసహ్యపడ్డాడు మహానుభావుడు. వ్యాను తోలి తోలి ఒళ్ళు నొప్పులు అని ఒక సాకు.

నువ్వు చర్మాల ల్యాబులో పనిచేస్తున్నావు కదా, ఇదేం దరిద్రమో చెప్పు. ఫోన్ చేద్దామంటే షెడ్డులోకి ఫోన్లు రానివ్వరు, ఇంట్లో చేస్తే మీ అన్నయ్య స్పీకర్ పెట్టమంటాడు. అందుకే ఈ ఉత్తరం. షెడ్డు చిరునామాకే జవాబు రాయి.

పులిపిర్ల
వదిన

*

చర్మవ్యాధుల ఆసుపత్రి,
ల్యాబు, రెండో అంతస్తు.

వదినా,

తిన్నాకే చదివాను. అయినా లాభం లేకపోయింది. ఆ పిన్నీసు దగ్గర ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాను. నేను రోజూ ఇలాంటి ముక్కలే చూస్తాను గానీ గాజుపలక మీద చూస్తాను. గాజుపలకకి వాసన ఉండదు, అది నన్ను వదినలా దెప్పదు. మనిషి చేతి మీద చూడమంటే నాకూ ఒళ్ళు జలదరిస్తుంది. దాచడం ఎందుకు.

పులిపిరికి కారణం ఒక వైరస్. పాపిలోమా అంటారు. ఒక్కటి కాదు, రెండు వందలకు పైగా రకాలు. అన్నిటికీ పేర్లు పెట్టే ఓపిక లేక అంకెలు వేశారు. ఒక్కో రకానికి ఒక్కో చోటు ఇష్టం. అరికాలిలోకి దిగేవి కొన్ని, వేళ్ళ మీద లేచేవి కొన్ని, పిల్లల మొహం మీద చదునుగా పరుచుకునేవి కొన్ని. మర్మస్థానాల్లో లేచేవి కొన్ని ఉన్నాయి. లోపల్లోపల ఏళ్ళ తరబడి కూర్చుని క్యాన్సర్ దాకా తీసుకెళ్ళేవి మరికొన్ని. ఇంటిపేరు ఒకటే, బుద్ధులు వేరు. మన బంధువర్గం లాగే అనుకో.

గిల్లకు. బ్లేడు పెట్టకు. అమ్మ వెంట్రుక కట్టి బిగిస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కో. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఒక చిన్న ముక్క కోయించి, మా ల్యాబుకి పంపమని చెప్పు. షెడ్డులో అంతమందికి ఉన్నాయంటే నాకొక అనుమానం ఉంది. పరీక్ష కాకుండా నోరు జారను.

బుజ్జికి తువ్వాలు వేరు చెయ్యి. వేళ్ళకి కట్టు కట్టుకుని దానికి జడ వెయ్యి, అన్నం పెట్టు, పక్కలో పడుకోబెట్టుకో. ఇది అంటుకునేదే, కాదనను. కానీ కన్నపిల్లని దూరం పెట్టాల్సిన జబ్బు కాదు. ఈ మాట అమ్మకి నా మాటగా చెప్పు.

నీ
ఆడపడుచు

*

కోత షెడ్డు.
ఎండలు మండిపోతున్నాయి.

మరదలా,

ముక్క కోయించాను. డాక్టరు ఒక డబ్బీలో వేసి మీకు పంపించాడు. ఈపాటికి నీ చేతిలో పడి ఉంటుంది. అది తేలేలోపు ఇక్కడ నా కొంప మునిగేలా ఉంది.

మీ అన్నయ్య మందుల వ్యాను తోలుతాడు కదా, ఏ మందుల షాపులో ఎవరు చెప్పారో గానీ ఇంటికి రాగానే నన్ను నిలబెట్టాడు. అత్తయ్య అక్కడే కూర్చుని ఉన్నారు. బుజ్జి నేల మీద బొమ్మలు గీసుకుంటోంది.

"నీ చేతుల మీద ఉన్నదేంటో నాకు తెలిసింది" అన్నాడు.

"ఏంటట?"

"ఆ వైరస్సే ఆడవాళ్ళకి లోపల కూడా వస్తుంది. మగాళ్ళ వల్ల వస్తుంది. తెలిసిందా?"

"నాకున్న మగాడివి నువ్వే కదా."

"అదే నేనూ అడుగుతున్నా. నేనొక్కణ్ణేనా అని."

పిల్ల ఎదురుగా అన్నాడే ఆ మాట. అత్తయ్య ఒక్కసారి నా చేతుల వంక చూశారు, తర్వాత నా కడుపు వంక, ఆ కిందికి చూశారు. ఆ చూపుకి నాకు ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టయింది. నేను పగలంతా కాలేయాలు కోస్తాను, పిత్తాశయం చిట్లి చేదునీళ్ళు మొహం మీద పడితే తుడుచుకుని పని చేస్తాను. ఏనాడూ నాకు అంత రోత పుట్టలేదు.

ఆ సాయంత్రమే బుజ్జి పరుపు అత్తయ్య గదిలోకి వెళ్ళిపోయింది. జడ నేను వెయ్యకూడదు. స్నానం నేను చేయించకూడదు. నువ్వు చెప్పిన మాట చెప్పాను. "అది పెళ్ళికాని పిల్ల, దానికేం తెలుసు ఇలాంటివి" అన్నారు అత్తయ్య. నిన్న బుజ్జి బళ్ళోంచి వస్తూ నా వైపు పరిగెత్తి, మధ్యలో ఆగి, నానమ్మ మొహం చూసింది. చూసి ఆగిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

మాటలతో వీళ్ళకి ఎక్కదు. పరీక్ష కాగితం కావాలి, అది కూడా నీ చేతి మీదుగా రావాలి. సొంత చెల్లెలు రాస్తే నోరు మూస్తారు. నా పిల్ల నా పక్కకి రావాలంటే నాకు వేరే దారి లేదు. తొందరగా తేల్చు.

నీ వదిన

*

ల్యాబు.

వదినా,

ముక్క అందింది, పరీక్ష అయిపోయింది. నీది ఏడో రకం. నేను అనుకున్నదే. కంగారు పడకు, ఇది అన్నయ్యకీ అమ్మకీ చూపించు.

ఇక్కడ మిషన్ ఒకటి మొరాయించింది, అందరం దాని చుట్టూ తిరుగుతున్నాం. ఆసుపత్రి కాగితం డాక్టరుకి వెళుతుంది, దానికి టైము పడుతుంది. నువ్వు ఎదురుచూస్తుంటావని ఈ రెండు ముక్కలు ముందుగా గీకుతున్నాను. మిగతాది తీరిగ్గా రాస్తాను.

నీ ఆడపడుచు

*

కోత షెడ్డు.

అమ్మా ల్యాబు డాక్టరమ్మా,

వదినా అని పిలవకు ఇక. నీ ఉత్తరం అందింది. చాలా బాగుంది.

చదవకుండానే ఇంటికి తీసుకెళ్ళాను, చూడు నా పిచ్చి. నీ మీద అంత నమ్మకం. కవరు కూడా చింపకుండా మీ అన్న చేతికిచ్చి, "చదువు, గట్టిగా చదువు" అన్నాను. చదివాడు. "నీది ఏదో రకం. నేను అనుకున్నదే." అంతే. అక్కడ ఆగి నా మొహంలోకి చూశాడు.

లాక్కుని నేనూ చూశాను. కళ్ళు చికిలించుకుని మరీ చూశాను. ఏదో అనే ఉంది.

"చూశావా అమ్మా, నోటితో చెప్పలేక ఏదో రకం అని రాసింది" అన్నాడు. అత్తయ్య, "పెళ్ళికాని పిల్ల, దాని చేత ఆ పేరు రాయించాలా? ఏదో రకమంటే అదో రకమేగా" అని ముక్కు మీద వేలేసుకున్నారు. ఏదో రకమా? నేనేమైనా చీరల కొట్లో బేరం చేశానా, ఏదో ఒక రకం చూపించమని? నువ్వు అనుకున్నదేనా? ఏమనుకున్నావు నా గురించి? ముందే అనుకుని కూర్చున్నదానివి ముక్క ఎందుకు కోయించావు?

తర్వాత మీ అన్న ఎంత హుషారుగా మాట్లాడాడో! "ఆరో రకమో పదకొండో రకమో అయ్యుంటుంది. అవి ఎట్లా వస్తాయో నాకు బాగా తెలుసు. మేస్త్రీకి కూడా ఉందేమో కనుక్కో" అన్నాడు. మేస్త్రీ! ఆ గారపళ్ళ మేస్త్రీ! ఆ మాటకి నాకు నవ్వాలో వాంతి చేసుకోవాలో తెలియలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న గ్లాసు నేలకేసి కొట్టాను. అత్తయ్య వచ్చి ఆ పెంకుల్ని కూడా గుడ్డ చుట్టుకుని ఏరారు.

బుజ్జిని తీసుకుని అత్తయ్య మీ పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళిపోతారట, సెలవులు అయ్యేదాకా. తర్వాత అక్కడే బళ్ళో వేస్తారట. మీ అన్న సరే అన్నాడు. నన్ను ఎవరూ అడగలేదు.

వాళ్ళు పరాయివాళ్ళు, పోనీ అనుకుంటాను. నువ్వు కూడా వాళ్ళ తానులో గుడ్డవే అయ్యావు కదా, అదే నాకు అసహ్యంగా ఉంది.

(కింద ఏం రాసి సంతకం పెట్టాలో తెలియడం లేదు)

*

ల్యాబు.
పొద్దున్నే, ఎవరూ రాకముందు.

వదినా,

అంటాను, వదినా అనే అంటాను. కొట్టాలనిపిస్తే వచ్చి కొట్టు.

అది ఏదో కాదు. ఏడో! ఆరు తర్వాత వచ్చేది, ఎనిమిదికి ముందుండేది. వారంలో రోజులెన్నో ఆ అంకె. నా ద, నా డ ఒక్కలాగే పడతాయని బళ్ళో పంతులమ్మ మొత్తుకునేది. తొందరలో రాస్తే నాకే తేడా తెలియదు. దేశంలో ఇంకెవరి చేతిరాతా పిల్లని తల్లి దగ్గర్నుంచి లాగేసి ఉండదు. ఇదిగో, ఈసారి అంకె వేస్తున్నాను, ఎవరు చదివినా మారదు: 7.

ఈ 7వ రకం ఎక్కువగా ఎవరి చేతుల మీద దొరుకుతుందో తెలుసా? మాంసం, కోళ్ళు, చేపలు కోసేవాళ్ళ చేతుల మీద. కోతపనివాళ్ళ పులిపిర్లు అని దీనికి విడిగా పేరే ఉంది. అది గొడ్డు నుంచి వచ్చేది కూడా కాదు, మనుషుల వైరసే. చల్లటి నీళ్ళలో నాని మెత్తబడిన చర్మం, కత్తి పెట్టే చిన్న చిన్న గాట్లు, దానికి అవే కావాలి. నీ పక్కన ఎముకలు కొట్టే ఆవిడకీ ఆ ముసలాయనకీ ఉన్నాయని రాసినప్పుడే నేను దీన్ని అనుకున్నాను. "నేను అనుకున్నదే" అంటే అది. దీనికి మంచంతో పనిలేదు, మగాడితో పనిలేదు. నీ చేతులకి ఇది నీ పని పెట్టిన జబ్బు.

ఇక రెండోది. నువ్వు కోపంలో రాసిన ఒక మాటని నేను రెండుసార్లు చదివాను. ఆరో రకమో పదకొండో రకమో అన్నాడన్నావు. వదినా, ఆ అంకెలు మందుల షాపు కౌంటర్ మీద దొరకవు. మర్మస్థానాల్లో పులిపిర్లు లేచి, డాక్టరుకి చూపించుకుని, పరీక్ష చేయించుకున్నవాళ్ళ నోట్లోనే ఉంటాయి.

అన్నయ్యకి ఫోన్ చేశాను. అది ఏదో కాదు, ఏడో అని చెప్పాను. అంకెలు ఎవరు చెప్పారని అడిగాను. ఎవరో అన్నాడు. ఎవరని మళ్ళీ అడిగాను. "నువ్వు చెల్లెలివి, నీతో ఎలా చెప్పను" అన్నాడు. చెప్పక్కర్లేదు, అర్థమైంది అన్నాను. చలికాలంలోనే వ్యాను వెళ్ళే ఊళ్ళో ఎవరికో చూపించుకున్నాడట. ఆరో రకం అన్నారట. కాల్పించుకున్నాడట. సబ్బు, తువ్వాలు, పడక వేరు చేసింది నీ పులిపిరి చూసి కాదు వదినా.

అది తనకి ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో నేను చెప్పలేను. పెళ్ళికి ముందే వచ్చి ఏళ్ళ తరబడి నిద్రపోయి ఉండొచ్చు. వైరస్‌కి తారీఖు ఉండదు. అందుకని దాని మీద నేను తీర్పు చెప్పను. కానీ ఆ తర్వాత అన్నయ్య అన్న మాట విను.

"నువ్వు ఒక్క ముక్క రాయి. ఇద్దరిదీ ఒకటే రకం అని రాయి, దాని నుంచే నాకు అంటిందనుకుంటారు. ఆరుకీ ఏడుకీ తేడా ఎంత, ఒక్కటేగా. నా పరువు దక్కుతుంది" అన్నాడు.

"వదిన పరువో?" అన్నాను.

"దానికి ఎలాగూ చేతుల నిండా ఉన్నాయి కదా" అన్నాడు.

నేను నా చిన్నప్పుడు ఆయన భుజాల మీద ఎక్కి ఊరంతా చూసినదాన్ని. ఆ గొంతే అది. ఫోన్ పెట్టేసి బేసిన్ దగ్గరికి పరిగెత్తాను. నీ పిన్నీసు కథకి మంచినీళ్ళతో సరిపోయింది, దీనికి సరిపోలేదు.

రాయను అని చెప్పాను. ఇదిగో ఈ ఉత్తరం రాస్తున్నాను. ల్యాబు కాగితం నకలు కూడా జతచేశాను. ఇంట్లో గట్టిగా చదువు. అమ్మ ఎదుట చదువు. పిల్లని మాత్రం బయటికి పంపించి చదువు.

నువ్వు కూడా ఆడవాళ్ళ డాక్టరుకి చూపించుకో. సిగ్గుపడి వాయిదా వేయకు. ఆయన ఏ ఏ రకాలు తెచ్చాడో ఎవరికి తెలుసు, నీ ఒళ్ళు నువ్వు చూసుకో.

నీ ఆడపడుచు
(తిట్టినా, తిట్టకపోయినా)

*

క్వార్టరు, వంటగది బల్ల.
తొలకరి పడింది.

మరదలు పిల్లకి,

ఈ ఉత్తరం ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు ఇక్కడ స్పీకర్ పెట్టమనే వాళ్ళు లేరు.

ముందు నీ చెవి మెలేయాలి. ఆ డొక్కు డ ఒకటి సరిగ్గా రాయడం నేర్చుకో. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. తానులో గుడ్డ అన్నది ఒక్కటి మాత్రం కాస్త ఉంచుకుంటాను, నువ్వు పొగరెక్కకుండా.

ఆడవాళ్ళ డాక్టరమ్మ చూసింది. లోపల ఏమీ లేదంది, అయినా మళ్ళీ రమ్మంది. చేతుల మీద చల్లటి మందేదో పోసి మాడ్చారు. నల్లగా ఉబ్బి, పొక్కులై, ఇప్పుడు రాలుతున్నాయి. చూడ్డానికి ముందుకన్నా పరమ అసహ్యంగా ఉన్నాయి. పోతాయట. నీ కాగితం మేస్త్రీ మొహాన కొడితే చేతికి తొడుగులు ఇప్పించాడు. పళ్ళు ఈసారి లోపలే పెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. అత్తయ్య బుజ్జితో మీ పెద్దమ్మ ఇంటికి బయలుదేరక ముందే నీ ఉత్తరం అందింది. బుజ్జిని పక్కింటికి పంపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి చదివాను. ఒక్క అక్షరం వదలలేదు. ఒక్కటేగా అన్న చోట మీ అన్న లేచాడు. "కూర్చోరా" అన్నారు అత్తయ్య. కూర్చున్నాడు. అంతా అయ్యాక ఆయన ఏమన్నాడో తెలుసా? "సరేలే, నీది మంచి రకమే అని తేలిందిగా. ఇక గొడవెందుకు" అని, చలికాలం తర్వాత మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నాడు. పొక్కులతో, పెచ్చులతో ఉన్న చెయ్యి. తనకేమీ అసహ్యం లేదని చూపించడానికి గట్టిగా నొక్కాడు కూడా. నాకు ఒళ్ళంతా కంపరం ఎత్తింది. చచ్చిన గొడ్డు పేగుల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టే మనిషిని నేను. విదిలించుకుని గోడకి ఆనుకున్నాను.

ఆయనకి ఆ జబ్బు ఉన్నందుకు కాదే. జబ్బులు మనుషులకే వస్తాయి. వచ్చిందని నాతో చెప్పి ఏడ్చి ఉంటే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని, నాలుగు తిట్టి అయినా తీసుకెళ్ళేదాన్ని. తనకి ఏముందో తనకి తెలుసు. తెలిసి, నా చేతులు చూపించి నా పిల్లని లాక్కున్నాడు. అది పరిగెత్తుకొస్తూ ఆగిపోయిన రోజు ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఈ క్వార్టరు షెడ్డువాళ్ళు నాకిచ్చింది. బట్టలు సర్దుకోమన్నాను. బతిమాలాడు, అరిచాడు, మళ్ళీ బతిమాలాడు. అత్తయ్య గోడ వంక చూస్తూ కూర్చున్నారు. నాతోపాటు వస్తావా అమ్మా అని ఆయన అడిగితే, "నువ్వు పోరా ముందు" అన్నారు. ఆవిడ ఇక్కడే ఉన్నారు. నా పళ్ళెం ఇంకా విడిగానే బోర్లిస్తున్నారనుకో. అలవాటు పోవడానికి టైము పడుతుంది, నాకూ ఆవిడతో మాట్లాడడానికి టైము పడుతుంది.

ఆయన వెళుతుంటే బుజ్జి పక్కింట్లోంచి వచ్చేసింది. "నాన్నా" అని చేతులు చాచింది. అత్తయ్య ఒక్క ఉదుటున దాని రెక్క పట్టుకుని వెనక్కి లాగారు. "ముట్టుకోకు" అన్నారు. నా మీద అన్నట్టే, అదే గొంతుతో అన్నారు. ఎత్తుకోబోయిన మీ అన్న అక్కడే ఆగిపోయాడు. చాచిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్ల నా మొహం చూసింది.

"వదలండి అత్తయ్యా. అది ముట్టుకుంటే వచ్చేది కాదు" అన్నాను.

బుజ్జి వెళ్ళి ఎత్తుకోమంది. ఎత్తుకున్నాడు. దాని భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చాడు. కాసేపటికి అదే జారి దిగి, నా దగ్గరికి వచ్చి, నా కట్టు వేలు పట్టుకుని నిలబడింది. ఆయన ఇక లోపలికి రమ్మంటానేమోనని నా వైపు చూశాడు.

పెట్టె గడప దాకా నేనే మోసుకెళ్ళి పెట్టాను. తర్వాత లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాను, సబ్బుతో, రెండుసార్లు.

నీ
వదిన